మామగారు బాగుచేసిన బీపీ

మా ఇంట్లో బీపీ అత్తగారి సొత్తు. ఇంకొకళ్లు ముట్టుకుంటే ఊరుకోదు.

ఎవరైనా ఎదురు చెప్పారంటే చాలు, చెయ్యి నెత్తిమీద పెట్టుకుని "అమ్మో, నా బీపీ" అంటుంది. అవతలివాళ్లు నోరు కుట్టేసుకుంటారు. ఆ ఒక్క మాటతో మామగారి చేత చుట్ట మాన్పించింది. మా ఆయన చేత మోటారు సైకిలు అమ్మించింది. పెళ్లయిన కొత్తలో నా చేత గట్టిగా నవ్వడం కూడా మాన్పించాలని చూసింది గానీ, అది మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

ఆవిడ కోసం ఇంట్లో ఒక బీపీ మిషను ఉంది. చేతికి చుట్టే పట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, గుండ్రటి డయలు, అందులో సన్నటి ముల్లు. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకుంటుంది. అందుకే ఎనిమిదో నెల కడుపుతో ఆస్పత్రికి వెళ్లొచ్చిన నేను, "అత్తయ్యా, నాకు బీపీ ఎక్కువుందట" అని చెప్పగానే, ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకెందుకొస్తుందే బీపీ? నీకేం కష్టాలున్నాయని?"

"కష్టాల్లేకపోయినా వస్తుందటండీ. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి కొత్తగా వస్తుందని నర్సమ్మ చెప్పింది."

"ఆ నర్సుకి ఏం తెలుసు? నేను ఇద్దర్ని కన్నాను, నాకు రాలేదే. నాకొచ్చిందల్లా వీళ్లని పెంచుతున్నప్పుడే."

ఆస్పత్రి నర్సమ్మకి చాలా తెలుసు. ఆవిడ నోరు నా నోటికి అక్క వరస అవుతుంది. పట్టీ చుట్టి చూసి, మూత్రంలో ఒక కాగితం ముక్క ముంచి చూసి, నా మొహం కేసి చూసింది. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉందనీ, రేపు పొద్దున్నే తప్పకుండా రమ్మనీ చెప్పింది. "ఈలోగా మాత్రకి లొంగని తలనొప్పి వచ్చినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా, కుడిపక్క డొక్కలో నొప్పొచ్చినా, మొహం చేతులు ఉబ్బినా, లోపల బిడ్డ కదలడం తగ్గినా, ఇంట్లో మీటింగు పెట్టకుండా తిన్నగా వచ్చెయ్. ఇది ఆడుకునే వ్యవహారం కాదు తల్లీ, ఫిట్స్ దాకా పోతుంది" అని బెదిరించి పంపింది.

మేం మీటింగు పెట్టాం. మా ఇంట్లో మీటింగు లేకుండా కూర కూడా ఉడకదు.

ఇక్కడ మా మామగారి గురించి చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. మాది కాటాలు బాగుచేసే షాపు. ఇంటి ముందు గదే షాపు. గోడలకి స్ప్రింగు కాటాలు వేలాడుతుంటాయి, నేల మీద బస్తాలు తూచే పెద్ద కాటాలు, బల్ల మీద విప్పి పడేసిన డయళ్లు, మరలు, మీటలు. కరెంటు కాటాలు నా వంతు. పెళ్లయ్యాక నేర్చుకున్నాను, ఇప్పుడు మా ఆయనకంటే బాగా చేస్తాను. ఈ మాట ఆయన కూడా ఒప్పుకుంటాడు, ఎవరూ వినకపోతే. ఆయన గోడౌన్లకి వెళ్లి పెద్ద కాటాలు చూస్తాడు. ముల్లు ఉన్న కాటాలన్నీ మామగారివి. బజారంతా ఆయన్ని ముల్లాయన అంటారు.

ముల్లాయన ఏ షాపుకెళ్లినా ముందు అక్కడి కాటా పళ్లాన్ని చూపుడువేలితో నొక్కుతారు. ముల్లు ఊగి ఆగేదాకా చూసి, "కరెక్ట్ కాదు" అంటారు. కూరగాయల దగ్గరా అంతే, బంగారం దగ్గరా అంతే. మా ఆయన పుట్టినప్పుడు ఆస్పత్రిలో తూచిన కాటా కూడా కరెక్ట్ కాదని గొడవపెట్టుకుని, నర్సుల చేత బయటికి గెంటించుకున్నారట. ఇన్నేళ్లలో పరాయి కాటాని ఆయన ఒక్కసారి మెచ్చుకోగా నేను వినలేదు. కానీ ఆయన చెయ్యి పడ్డ కాటా మాత్రం నిజంగా తిరుగులేనిది. అది నేను ఒట్టేసి చెప్పగలను.

మీటింగులో మా ఆయన చెవులకి గొట్టం తగిలించుకుని, అత్తగారి మిషన్ని నా చేతికి చుట్టి గాలి కొట్టాడు. అత్తగారు తన చీరెవరో కట్టుకున్నట్టు గింజుకుంటూ చూసింది. నూట యాభై, కింద వంద. ఆస్పత్రిలో చెప్పిందీ అదే.

మామగారు కళ్లజోడు సవరించుకుని డయలు మీదికి వంగారు. వేలితో తట్టారు.

"కరెక్ట్ కాదు."

"అదేంటి మావయ్యా, ఆస్పత్రిలోనూ ఇంతే చూపించిందిగా?"

"అదీ కరెక్ట్ కాదు. రెండు కాటాలు ఒకే అబద్ధం చెప్తే నిజమైపోద్దా? తెలిసిన బరువు వేసి చూద్దాం."

తెలిసిన బరువంటే మా భాషలో ముద్ర రాయి. షాపులో ఒక చెక్కపెట్టెలో ఇత్తడి బరువులు ఉంటాయి, సర్కారు ముద్ర కొట్టినవి. కాటా నిజం చెప్తోందా లేదా అన్నది వాటితోనే తేలాలి. వాటిని ఒట్టి చేత్తో ముట్టుకున్నందుకు మా ఆయన చిన్నప్పుడు తన్నులు కూడా తిన్నాడు.

"బీపీకి ముద్ర రాయి ఎక్కడ దొరుకుద్ది నాన్నా?" అన్నాడు మా ఆయన.

మామగారు చొక్కా చెయ్యి పైకి మడిచారు. "నేనే."

ఆయన కుర్రతనంలో ఉద్యోగానికని ఒకసారి డాక్టరు పరీక్ష చేయించుకున్నారట. నూట ఇరవై, కింద ఎనభై అని చెప్పి, గుర్రంలా ఉన్నావయ్యా అని వీపు తట్టాడట ఆ డాక్టరు. ఉద్యోగం రాలేదు గానీ, ఆ అంకె మాత్రం ఆయన బుర్రలో ముద్ర పడిపోయింది. ఆ తర్వాత తనకోసం ఆస్పత్రి గడప తొక్కలేదు. తలనొప్పంటే ఎలా ఉంటుందో తెలియదని గొప్పగా చెప్తుంటారు. తలనొప్పి తెప్పించే మనిషికి అదెలా ఉంటుందో ఎందుకు తెలుస్తుంది చెప్పండి.

ఆయన చేతికి పట్టీ చుట్టి చూశాం. నూట యాభై, వంద.

"చూశావా తల్లీ! నూట ఇరవై ఉన్నచోట నూట యాభై చూపిస్తోంది. పావు వంతు ఎక్కువ లాగుతోంది. మీ అత్తకి ఇన్నాళ్లూ ఈ దొంగ ముల్లే బీపీ అంటగట్టింది."

అత్తగారికి ఎక్కడో కాలింది. "నా బీపీ దొంగదంటారేంటి!" అని లేచింది. ఆవిడ మాట విన్నవాళ్లు లేరు. అప్పటికే మామగారు డయలు విప్పేశారు. భూతద్దం కంటికి పెట్టుకుని, "సన్నది" అని చెయ్యి చాపారు. నేను సన్న స్క్రూడ్రైవరు అందించాను. లోపల వెంట్రుకంత మీట ఒకటి ఉంది. దాని మర వదులు చేసి, ఇసుమంత జరిపి బిగించారు. గాలి లేనప్పుడు ముల్లు సున్నా మీదే నిలబడింది. గాలి కొడుతుంటే మెత్తగా లేచింది. పనితనం చూసి నాకు ముచ్చటేసింది. ఆయన చేతికి మళ్లీ చుట్టాం. నూట ఇరవై, ఎనభై. నాకు చుట్టాం. నూట ఇరవై, ఎనభై.

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను. ఇంక మర్నాడు ఆస్పత్రికి వెళ్లడం ఎందుకనుకున్నాం, షాపులో చూస్తే కాలు పెట్టే చోటు లేదు. కాటాలకి ముద్ర కొట్టే ఆఫీసరు ఏడాదికోసారి వస్తాడు. ఆయనొచ్చే ముందు వారం బజారులోని కాటాలన్నీ మా గుమ్మంలోనే ఉంటాయి.

అత్తగారికి మాత్రం ఎటూ పాలుపోలేదు. ఆవిడ చేతికి చుట్టి చూస్తే నూట ముప్పై దాటలేదు. జబ్బు తగ్గిందని సంబరపడాలో, పరువు పోయిందని ఏడవాలో తెలియక కాసేపు కూర్చుని, లేచి వెళ్లి కూరలో ఇంకో చెంచా ఉప్పు వేసుకుంది. మాత్రలు ఎందుకు దండగని పక్కన పెట్టేసింది కూడా.

ఆ తర్వాత నాకు తల పగిలిపోవడం మొదలైంది. అత్తగారి రేడియో వల్ల అనుకున్నాను. కళ్ల ముందు తెల్లటి చుక్కలు గిర్రున తిరిగేవి. కరెంటు కాటాల్లో సన్నటి తీగలకి సీసం అతికీ అతికీ కళ్లు అలిసిపోయాయేమో అనుకున్నాను. ఉంగరం వేలిలో కూరుకుపోయింది. కడుపుతో ఉన్నవాళ్లకి కాళ్లూ చేతులూ ఉబ్బవా ఏంటి అంది అత్తగారు. మొహం కూడా పూరీలా పొంగింది. కళ వచ్చిందన్నారు. చూసినవాళ్లందరూ ఏదో ఒక వంక చెప్పిపోయారు. రోజూ మా ఆయన పట్టీ చుట్టి చూసేవాడు. ముల్లు నూట ముప్పై దగ్గరే గౌరవంగా నిలబడేది. ముల్లు బాగానే ఉందంటుంటే తల బాగాలేదని ఏ మొహంతో చెప్పను? ముళ్లని నమ్ముకుని బతికే ఇల్లు మాది.

నర్సమ్మ ఫోను చేసింది. నా ఖర్మ కొద్దీ ఫోను మామగారు ఎత్తారు.

"మీ మిషను పావు వంతు ఎక్కువ లాగుతోందమ్మా. మా ఇంట్లో దానికీ అదే రోగం, బాగుచేశాను. మీది కూడా పంపించండి, సాయంత్రానికల్లా సరిచేసి పంపిస్తాను."

అవతలి నుంచి నర్సమ్మ గొంతు షాపంతా వినిపించింది. "మిషను సంగతి తర్వాత! ముందు మీ కోడల్ని పంపించండి!"

"కోప్పడుతోంది పాపం. ఆవిడకే బీపీ ఉన్నట్టుంది" అని ఫోను పెట్టేశారు. మా ఆయన అప్పుడు గోడౌన్‌లో ఉన్నాడు. నేను బల్ల మీద తల వాల్చుకుని ఉన్నాను. లేచి వెళ్దామా అనిపించింది. గుమ్మంలో ఉన్న కాటాల వరస చూసి, ఈ ఒక్కటీ అయ్యాక అనుకున్నాను.

నన్ను కాపాడింది మా అత్తగారి నోరు. ఈ మాట రాస్తున్నందుకు నాకే ఒళ్లు మండుతోంది గానీ, నిజం నిజమే.

మర్నాడు పొద్దున్నే పైవాటా ఆవిడ తడిబట్టలు పిండకుండా ఆరేసింది. నీళ్లన్నీ మా అత్తగారు ఎండబెట్టిన పరుపు మీద కారాయి. ఇంకేముంది, రణరంగం. ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడి ఒకళ్ల వంశం ఒకళ్లు కడిగి ఆరేశారు. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి మరీ విన్నారు. చాలాసేపటికి అత్తగారు ఎర్రబడ్డ మొహంతో, ఆయాసపడుతూ లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది.

"ఒరేయ్, నా బీపీ చూడరా! ఇవాళ నా ప్రాణం పోయేలా ఉంది!"

మా ఆయన పరిగెత్తుకొచ్చి చుట్టాడు. గాలి కొట్టాడు. మొహం వెలిగిపోయింది. "నూట ముప్పై రెండమ్మా. బ్రహ్మాండంగా ఉంది."

"సరిగ్గా చూడరా సన్నాసీ!"

"చూశానమ్మా. నీకేం కాలేదు, పండులా ఉన్నావు."

అత్తగారి మొహం చూడాలి. అంత కష్టపడి తిట్టొస్తే ఫలితం అదా? నాకు నవ్వాగలేదు. పడీపడీ నవ్వాను. నవ్వుతుంటే కుడి డొక్కలో ఎవరో పిడికిలితో గుద్దినట్టయింది, నవ్వు అక్కడే ఆగిపోయింది. పక్కటెముకలు పట్టుకుని వంగిపోయాను. వంగినదాన్ని అలాగే ఆలోచించాను.

పైవాటా ఆవిడతో గొడవపడి వచ్చాక మా అత్తగారి బీపీ నూట అరవైకి తగ్గిన రోజు లేదు. మాత్రలు వేసుకుంటున్న రోజుల్లోనే ఆ లెక్క. ఇప్పుడు మాత్రల్లేవు, పైగా ఉప్పు. నూట ముప్పై ఎలా ఉంటుంది? సూర్యుడు పడమట పొడిచినా నేను నమ్ముతాను గానీ అది నమ్మను. అంటే, ముల్లు అబద్ధమాడుతోంది.

"మావయ్యా!" అని అరిచాను. "ఇంట్లో బీపీకి ముద్ర రాయంటూ ఉంటే అది అత్తయ్య! మీరు కాదు! ఆవిడ్ని పెట్టి సరిచూడాల్సింది!"

అత్తగారు నన్ను మెచ్చుకోలుగా చూసింది. పెళ్లయిన ఇన్నాళ్లలో అదే మొదటిసారి.

మామగారి మొహం మాడిపోయింది. "నా చేతిలో బాగుపడ్డ కాటాని తప్పంటావా తల్లీ?"

నాకు వాదించే ఓపిక లేదు. కళ్ల ముందు చుక్కలు మామగారి మొహాన్ని సగం తినేశాయి. పొద్దుటి నుంచి లోపల బిడ్డ కదిలిందా అని గుర్తు చేసుకున్నాను. గుర్తురాలేదు. అప్పుడు భయమేసింది.

"ఏమండీ, వ్యాను తియ్యండి" అన్నాను మా ఆయనతో. నా గొంతు విని ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

వ్యాను వెనక బస్తాల కాటా ఒకటి దింపకుండా అలాగే ఉంది. దాని మీద మామగారు ఎక్కి కూర్చున్నారు, బీపీ మిషన్ని చంకలో పెట్టుకుని. నాకోసం రాలేదాయన. తన చేతిపని కరెక్టని రుజువు చెయ్యడానికి వచ్చారు. దారంతా వెనక నుంచి ఆ మీట గురించే చెప్తున్నారు. నోరు మూసుకోండి మావయ్యా అని అప్పుడే మొదటిసారి అన్నాను. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

నర్సమ్మ నన్ను గుమ్మంలోనే చూసి, "ఇప్పటికి తీరిందా మహారాణికి?" అంటూనే చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. పట్టీ చుట్టింది. నూట డెబ్బై నాలుగు, కింద నూట పన్నెండు. కాగితం ముక్క ముంచితే క్షణంలో ముదురాకుపచ్చకి తిరిగింది. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీనంతా మూత్రంలో పోతోందంది. ఇంట్లో గుడ్డు కూడా లెక్కపెట్టి పెట్టే అత్తగారి వైపు చూడకుండా ఉండలేకపోయాను.

డాక్టరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. మామగారు ఆవిడకి అడ్డం నిలబడ్డారు.

"డాక్టరుగారూ, మీ మిషను కరెక్ట్ కాదండి. నా చేతికి పెట్టి చూడండి. నాది నూట ఇరవై."

"పెద్దాయనా, పక్కకి జరగండి."

"ఒక్కసారి పెట్టండి సిస్టర్" అన్నాను నేను. "లేకపోతే ఈయన ఆపరేషన్ గదిలోకి కూడా వస్తారు."

డాక్టరమ్మ నా కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తుండగా, నర్సమ్మ పళ్లు నూరుతూ ఆయన చేతికి చుట్టింది. నూట అరవై ఎనిమిది.

"చూశారా! నలభై ఎనిమిది ఎక్కువ లాగుతోంది!" ఆయన మొహంలో ఏనుగెక్కినంత సంబరం.

నర్సమ్మ మూలనున్న పాత మిషన్ని బల్ల మీదికి లాగింది. నిలువు గాజుగొట్టం, అందులో పాదరసం. ముల్లు లేదు, స్ప్రింగు లేదు, జరపడానికి మీట లేదు. కిందనుంచి గాలి ఎంత తోస్తే పాదరసం అంత లేస్తుంది, అంతే. కాటాల మనిషికి దాన్ని చూడగానే తెలిసిపోతుంది, అది అబద్ధమాడటానికి లోపల ఏమీ లేదని. పట్టీ దానికి తగిలించి గాలి కొట్టింది. మామగారు కళ్లజోడు సవరించుకుని ఆ గొట్టాన్నే చూస్తున్నారు. నర్సమ్మ గాలి వదులుతూ, చెవుల్లో గొట్టాలతో వింటూ, చప్పుడు మొదట వినిపించినచోట వేలు పెట్టి చూపించింది.

నూట అరవై ఎనిమిది.

"ఎన్నాళ్లయింది మీరు చూపించుకుని?"

"పెళ్లికి ముందు" అన్నారు మామగారు. నా వైపు చూశారు. చంకలోని మిషను వైపు చూశారు. ముద్ర రాయే తప్పు. దాంతో సరిచూసిన ప్రతి అంకే తప్పు. రోజూ నూట అరవైలో ఉన్న నన్ను నూట ముప్పై అని చెప్పి బల్ల ముందు కూర్చోబెట్టింది ఆయన చెయ్యే. ఇదంతా ఒక్కసారిగా ఆయన మొహంలో కనిపించింది. గోడకి ఆనుకుని మెల్లగా నేల మీద కూలబడ్డారు.

నాకు జాలేం కలగలేదు. "నా బిడ్డకేమైనా అయితే మిమ్మల్ని జన్మలో క్షమించను మావయ్యా!" అని అరిచాను. ఆస్పత్రంతా విన్నది. అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు.

బిడ్డ గుండె కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. చెప్పాకే నాకు ఏడుపొచ్చింది. బీపీ తగ్గడానికొక మందు, ఫిట్స్ రాకుండా నరానికి ఇంకో మందు ఎక్కించారు. ఆ రెండోది ఎక్కుతుంటే ఒళ్లంతా పొయ్యిలో పెట్టినట్టు కాలింది. మందు తీరే అంతలే, తగ్గుతుందిలే అంది నర్సమ్మ. డాక్టరమ్మ మా వాళ్లందరికీ వినబడేలా చెప్పింది. బిడ్డకి తిండీ గాలీ అందించే మాయ సరిగ్గా కుదురుకోకపోతే, దాని ప్రభావం తల్లి రక్తనాళాలన్నింటి మీదా పడుతుంది. బీపీ పైకి కనిపించేది మాత్రమే, లోపల కాలేయం, మూత్రపిండాలు, మెదడు అన్నీ దెబ్బతింటాయి. ఈ స్థితిలో మందులు కాపలా కాస్తాయి తప్ప నయం చెయ్యవు. కాన్పు చేసెయ్యాలి.

"ఇది కోపం వల్ల వచ్చిందాండీ? దీనికి ముక్కు మీద కోపం" అంది అత్తగారు.

"కోపం వల్ల రాదమ్మా. ఉప్పు వల్లా కాదు. ఎవరి తప్పూ కాదు. ఎవరికైనా రావచ్చు. రావడం తప్పు కాదు, చూపించుకోకపోవడమే ప్రమాదం."

"ఆ మొదటి ముక్క కాగితం మీద రాసివ్వండి డాక్టరుగారూ" అన్నాను. మండిపోతూ కూడా అన్నాను. మా ఆయన ఏడుస్తూ నవ్వాడు.

ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. పిల్లి కూనలాగ ఒక్క కూత పెట్టింది. నాకు చూపించీ చూపించకుండానే అద్దాల పెట్టెలోకి తీసుకుపోయారు. కాన్పయ్యాక కూడా బీపీ వెంటనే దిగదనీ, కొన్ని వారాలపాటు ఎప్పుడైనా ఎగరొచ్చనీ, ముందు ముందు కూడా ఏటా చూపించుకుంటూ ఉండాలనీ నర్సమ్మ నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. అదే చేత్తో అత్తగారిని కడిగేసి మళ్లీ మాత్రలు మొదలెట్టించింది, మామగారికి కొత్తగా రాయించింది.

"ఇంట్లో ముగ్గురికి బీపీ! ఇంక నా మాట ఎవరు వింటారు?" అంది అత్తగారు. అంటూనే ఆస్పత్రి మంచం పక్కన నేల మీదే పడుకుంది, ఇంటికి పొమ్మంటే పోలేదు.

మామగారు నా గదిలోకి రాలేదు. వరండాలో బల్ల మీద కూర్చునేవారట. అన్నం పెడితే తినేవారట, లేకపోతే లేదట. నేను పిలవలేదు. ఆయన్ని అనడానికి మాటలు ఒకటొకటే ఏరి పెట్టుకుంటున్నాను, మంచివి, పదునైనవి.

నేను లేచి కూర్చోగలిగాక, నన్ను చక్రాల కుర్చీలో పిల్లని చూపించడానికి తీసుకెళ్లారు. మా ఆయనా, అత్తగారూ వెంట వచ్చారు. మామగారు వాళ్ల వెనకాల, తలుపు అవతల నిలబడ్డారు. అది పిల్లల్ని తూచే వేళ. బల్ల మీద తెల్ల పళ్లెం, దాని కింద డయలు, అందులో ముల్లు. మా షాపుకొచ్చే రకమే. నేను అలాంటివి ఎన్ని చూశానో!

"రండి పెద్దాయనా, వేలు పెట్టి నొక్కి చూడరా?" అంది నర్సమ్మ. వెటకారమే. ఆవిడకి ఆమాత్రం హక్కుంది.

మామగారు లోపలికొచ్చారు. చేతులు రెండూ వీపు వెనక కట్టుకున్నారు. నర్సమ్మ పిల్లని పళ్లెంలో పడుకోబెట్టింది. ముల్లు లేచి, ఊగి, ఆగింది. ఆయన కళ్లజోడు సవరించుకుని వంగారు.

"కిలో ఏడువందల నలభై" అన్నారు మెల్లగా.

మేమందరం ఆయన నోటికేసి చూస్తున్నాం. మా ఆయన పుట్టినప్పుడు ఎక్కువ చూపించిందని గొడవపెట్టిన మనిషి. ఇప్పుడు తక్కువ చూపిస్తోంది. ఆ ముల్లు తప్పయితే బాగుండునని ఆయన ప్రాణం కొట్టుకుపోవడం నాకు కనబడుతూనే ఉంది. నాకూ అలాగే ఉంది.

"ఇంకొక్కసారి తూచమ్మా" అన్నారు.

నర్సమ్మ ఈసారి ఎగతాళి చెయ్యలేదు. పిల్లని ఎత్తి, ముల్లు సున్నాకి వచ్చాక, మళ్లీ పడుకోబెట్టింది. అదే అంకె.

ఆయన చాలాసేపు చూశారు. "కరెక్టే" అన్నారు. "మీ కాటా కరెక్టే, సిస్టర్." ఆ మాట ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన నోట విన్న అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామగారు చిన్నపిల్లాడిలా భోరుమన్నారు.

నేను ఏరి పెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

"మావయ్యా, ఇవాళ్టి మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా."

"అయితే ఏడవకండి. వారం పోయాక పిల్లని తూస్తే ఇదే ముల్లు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు కూడా నమ్మాలి మరి."